వెలుగుతున్న ఏడు తెరలు

పదకొండు దాటి పది నిమిషాలకు బేరాలాయన ఆ గదిలో అడుగుపెట్టేసరికి అతని చేతిలో ఉన్న సరుకు మూడే మూడు. ఒక నల్లబడ్డ తెర. ఏడుపు దిగమింగుకుని గోడకు ఆనుకుని నిలబడ్డ ఒక మెకానిక్కు. రెండు గంటల యాభై నిమిషాల గడువు. ఇంతకన్నా తక్కువ పెట్టుబడితో మొదలుపెట్టిన వ్యాపారాలు అతని జీవితంలో కొన్ని ఉన్నాయి కాబట్టి పెద్దగా బెంగపడలేదు.

ఇరవై రెండేళ్లు పాత కంప్యూటర్ సామాను కొని అమ్మిన మనిషి. స్క్రూ తలమీద గీత చూసి ఆ పెట్టె ఎన్నిసార్లు విప్పారో చెప్పేవాడు. అమ్మేవాడి అబద్ధం ఏ మాట దగ్గర మొదలవుతుందో ఆ కొట్లోనే నేర్చుకున్నాడు. ఒక బీమా కంపెనీవాళ్లు మొదట సలహాకని పిలిచి, పనితనం చూసి, కంప్యూటర్ల మీద వచ్చే క్లెయిముల దర్యాప్తంతా అతని నెత్తినే పెట్టారు. కొట్టు మూసేసినా పేరు మాత్రం పోలేదు. బేరాలాయన బేరాలాయనగానే మిగిలాడు.

అది భవనాల ప్లాన్లు గీసే ఆఫీసు. పొడవాటి గది, గోడకు ఆనించి వరసగా ఎనిమిది బల్లలు, బల్లకో కంప్యూటరు. ఏడు తెరలు వెలుగుతున్నాయి. అయిదోది నల్లగా ఉంది. సాయంత్రం నాలుగింటికి ఒక ఆసుపత్రి ప్లాన్లు అప్పగించాలి. చివరి మూడు అంతస్తులు ఆ అయిదో కంప్యూటర్లోనే ఇరుక్కున్నాయి. యజమానురాలు తల పట్టుకుని కూర్చుంది.

జరిగిందంతా చెప్పే బాధ్యత పెద్దసారు తీసుకున్నాడు. ఆయన ఒకప్పుడు పోలీసు ఇన్‌స్పెక్టరు, ఇప్పుడు సెక్యూరిటీ ఏజెన్సీ యజమాని. ఆ వీధిలో పన్నెండు ఆఫీసులకు కాపలా ఆయనదే. ఆ పన్నెండింటికీ కంప్యూటర్లు బాగుచేసేది గోడకు ఆనుకుని నిలబడ్డ మనిషి. అందరూ ఆమెను వైర్లక్క అంటారు. పొద్దున తొమ్మిదీ నలభైకి పిలిస్తే వచ్చింది, అయిదో కంప్యూటరు పక్క మూత విప్పింది. అంతలో పెద్దసారు మనుషులు ఆమె సంచీ వెతికితే అందులో తెరకు బొమ్మలు పంపే గ్రాఫిక్స్ కార్డు ఒకటి దొరికింది. పెద్దసారు లెక్క సూటిగా ఉంది: సంచీలోది ఆఫీసువారి మంచి కార్డు, పెట్టెలో ఉన్నది ఆమె తెచ్చి పెట్టిన చచ్చు కార్డు, అందుకే తెర నల్లబడింది. ఫిర్యాదు కాగితం అప్పటికే రాసి పెట్టాడు. రెండింటికి స్టేషను నుంచి మనిషి వచ్చి పట్టుకెళతాడు. దానికి పన్నెండు నకళ్లు కూడా తీయించాడు, వీధిలో ఆఫీసుకొకటి.

“అంటే రెండింటికి ఈవిడ బతుకుతెరువు మూసేస్తారన్నమాట,” అన్నాడు బేరాలాయన.

“నేరం చేసినవాళ్ల బతుకుతెరువు గురించి నాకెందుకయ్యా? నువ్వు కార్డు ఖరీదు కట్టించి సంతకం పెట్టి వెళ్లు. పాత ఇనుము తూచినంతసేపు పట్టదు.”

బేరాలాయన నవ్వాడు. తిట్టు వినడానికి ఖర్చేమీ లేదని అతని నమ్మకం. కుర్చీ ఒకటి లాగి వైర్లక్కను కూర్చోమన్నాడు. తెర నల్లబడిందని పిలిస్తే ముందు ఏం చూస్తావు, ఆ తరవాత ఏం చూస్తావు, వరసగా చెప్పమన్నాడు.

ఆమె వేళ్లు మడుస్తూ చెప్పుకొచ్చింది. ముందు తెర కింద దీపం చూస్తుంది. దీపం అసలు వెలగకపోతే కరెంటు గొడవ, పసుపుగా వెలిగితే తెర బాగానే ఉంది, కంప్యూటరు నుంచి బొమ్మ రావడం లేదని అర్థం. అయిదోదానికి పసుపు దీపమే. తరవాత పక్కబల్ల తెర తెచ్చి తగిలించి చూసింది, అదీ నలుపే. తరవాత కేబులు చూసింది. ఆ తరవాతే మూత విప్పింది.

“కేబులు ఎలా చూశావమ్మా?”

“బల్ల గోడకి ఆనించి ఉంది కదండీ. చెయ్యి వెనక్కి పెట్టి తడిమి చూశాను. బిగుతుగానే ఉంది.”

“తడిమి చూశావు. కళ్లతో?”

“లేదండీ. చూడలేదు.”

“సంచీలో కార్డు?”

“నాదే. అనుమానం వచ్చినచోట నా కార్డు పెట్టి చూస్తాను. నాదానితో బొమ్మ వస్తే వాళ్లది పోయినట్టు. ఆరేళ్లుగా అదే కార్డు తిప్పుతున్నాను.”

బేరాలాయన సంచీలోని కార్డును అరచేతిలో పెట్టుకుని, కూరగాయల బేరంలోలాగా పైకీ కిందికీ ఆడించాడు. తేలిక. ఒక్క ఫ్యాను. అంచున బంగారు రంగు పళ్లు, వందలసార్లు గుచ్చి తీసిన గీతలతో అరిగిపోయి ఉన్నాయి. ఆఫీసు కొన్న బిల్లు తెమ్మంటే యజమానురాలు ఫైలు తీసింది. మూడు ఫ్యాన్ల కార్డులు, ఎనిమిది, ఏడాది కిందటివి.

“సారూ, దీనికి ఒక్క ఫ్యానే ఉంది. మిగతా రెండూ ఈవిడ తినేసిందంటారా?”

పెద్దసారు మీసం సర్దుకుని, అయితే పెట్టెలో ఉన్న కార్డును ఈమే పాడు చేసి ఉంటుందన్నాడు, ఊరికే కాదు, బాగుచేసే కూలి కోసం. బేరాలాయన అయిదో బల్లను రెండు చేతులతో పట్టుకుని గోడ నుంచి మూరెడు దూరం లాగి, వెనక మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశాడు.

కంప్యూటరు వెనక తెర కేబులు గుచ్చే చోట్లు రెండు ఉంటాయి. పైన నిలువుగా ఉన్నవి పెట్టెలోని ప్రధాన పలక, మదర్‌బోర్డువి. కింద అడ్డంగా ఉన్నవి గ్రాఫిక్స్ కార్డువి. కార్డు ఉన్న పెట్టెలో కేబులు కిందిదానికే గుచ్చాలి. కార్డు కనబడగానే మదర్‌బోర్డు తన దుకాణం కట్టేస్తుంది, పైదానిలోంచి బొమ్మ రాదు. అయిదో కంప్యూటరు కేబులు పైదానిలో ఉంది. బిగుతుగా, పద్ధతిగా, తడిమి చూసినవాళ్లకు ఏ అనుమానమూ రాకుండా ఉంది.

అతను కేబులు ఊడదీసి కింద గుచ్చి, పెట్టె ఆపి మళ్లీ వేయమన్నాడు. అర నిమిషం తరవాత ఆసుపత్రి మూడో అంతస్తు తెరమీద తేలింది. గోడ గడియారంలో పదకొండూ నలభై రెండు.

వైర్లక్క ముఖం చేతుల్లో దాచుకుంది. తన తప్పు కనబడినందుకు సిగ్గో, తన తప్పు అంతవరకే అయినందుకు నిమ్మళమో ఆమెకే తెలియాలి.

“చూశారా,” అన్నాడు పెద్దసారు వెంటనే, “కేబులు మార్చి పెట్టింది. ఎవరికి తెలుస్తుంది ఆ విద్య?”

“ఎప్పుడు మార్చిందంటారు?”

“తొమ్మిదీ నలభైకి వచ్చిందిగా.”

బేరాలాయన అయిదో బల్ల అమ్మాయి వైపు తిరిగాడు. ఆమె యజమానురాలి మేనకోడలు. తెర నల్లగా ఉందని ఎప్పుడు చూశావని అడిగితే, ఎనిమిదీ యాభైకి అంది. ఆఫీసు తొమ్మిదిన్నరకు తెరుస్తారు కానీ ఈ రోజు పని మిగిలి ఉందని ముందే వచ్చింది. నిన్న సాయంత్రం ఆరున్నరకు తెర శుభ్రంగా ఉంది.

“ఆరున్నరకీ ఎనిమిదీ యాభైకీ మధ్య వైర్లక్క ఈ మెట్టెక్కలేదు. మీ గేటు పుస్తకమే సాక్ష్యం సారూ,” అన్నాడు బేరాలాయన. పెద్దసారు పుస్తకం తెరిచి చూసి మూసేశాడు. ముఖం మాడిపోయింది.

యజమానురాలికి ఊపిరి వచ్చింది. తెర వచ్చేసింది కాబట్టి ఇక వదిలేద్దామంది, సాయంత్రం పని అయితే చాలంది. మరొకరైతే అక్కడితో చేతులు దులుపుకునేవారే. కానీ బేరాలాయనకు ఒక లెక్క తేలలేదు. లాభం లేకుండా ఎవడూ వంగి, బల్ల వెనక చెయ్యి దూర్చి, కేబులు మార్చడు. మార్చినవాడికి ఏం మిగిలింది?

అలా ఆలోచిస్తూనే పక్కబల్ల వెనక టార్చి వేశాడు. నాలుగో కంప్యూటరు కేబులు కూడా పైనే ఉంది. మూడోది, పైనే. మిగతా బల్లలన్నీ లాగించి చూశాడు. అన్నీ పైనే. అయినా ఆ ఏడు తెరలూ చక్కగా వెలుగుతున్నాయి.

అతను లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. మంచి గిరాకీ గుమ్మం తొక్కినప్పుడు కొట్లో ఎలా నవ్వేవాడో అలా నవ్వాడు.

“అమ్మా వైర్లక్కా, లోపల కార్డు ఉండి, కేబులు పైన గుచ్చితే ఏమవుతుంది?”

“తెర నల్లబడుతుందండీ. ఇందాక అదే కదా.”

“మరి పైన గుచ్చినా వెలుగుతోందంటే?”

వైర్లక్క ఎవరి అనుమతీ అడగకుండా నాలుగో కంప్యూటరు ఆపి, స్క్రూడ్రైవరు తీసి మూత విప్పింది. కార్డు ఉండాల్సిన చోట ఖాళీ. వెనకవైపు కనబడే ఇనుప రేకు ఒక్కటే, రంధ్రాలతో సహా, దాని స్థానంలో బిగించి ఉంది. బయటినుంచి చూస్తే కార్డు ఉన్నట్టే కనబడుతుంది. పేరు బోర్డు వేలాడుతోంది, లోపల దుకాణం లేదు.

“పొద్దుటినుంచి మీరందరూ నల్లబడ్డ తెరనే చూస్తున్నారు,” అన్నాడు బేరాలాయన. “దొంగతనం జరగనిది ఆ ఒక్కదాన్లోనే. వెలుగుతున్న ఏడూ దోచేసినవి. వాడు ముందు కేబులు పైకి మారుస్తాడు, తరవాత కార్డు తీస్తాడు. తీశాక తెర మామూలుగా వెలుగుతుంది కాబట్టి ఎవరూ కంప్లయింటు చేయరు. అయిదోదాని దగ్గర కేబులు మార్చాడు, కార్డు తీసే టైము దొరకలేదు.”

యజమానురాలు కూర్చున్న కుర్చీలోనే ఇంకాస్త కుంగిపోయింది. మేనకోడలు మాత్రం, “అత్తా, అందుకేనేమో మిగతావాళ్లకి ప్లాన్లో గోడ ఒకటి జరిపితే తెర కదలడానికి నిమిషం పడుతోంది,” అంది.

ఎన్నాళ్లుగా అని అడిగితే మూడు వారాలపైనే అంది. అంత నెమ్మదిగా ఉంటే వైర్లక్కకు ఎందుకు చెప్పలేదన్నాడు. అప్పుడు బయటపడింది ఆ ఆఫీసు పద్ధతి. అక్కడ కంప్లయింటు పుస్తకాలు రెండు. తెర, ఫ్యాను, మౌసు లాంటివి ఎర్ర పుస్తకంలో రాస్తే వైర్లక్క వస్తుంది. కంప్యూటరు నెమ్మదించిందంటే అది ప్రోగ్రాము తప్పని, నీలం పుస్తకంలో రాస్తారు. అది ప్రోగ్రాము అమ్మినవాడికి వెళుతుంది. అతను ప్రతిసారీ కొత్త వెర్షను వస్తే సర్దుకుంటుందని చెప్పి ఫోను పెట్టేస్తాడు. నీలం పుస్తకం వైర్లక్క ఎన్నడూ చూడలేదు. ఎవరి పుస్తకం వాళ్లది.

“నాకు ఒక్క మాట చెప్పి ఉంటే మొదటి రోజే మూత విప్పేదాన్ని,” అంది వైర్లక్క. ఆమె మాటలో నిష్ఠూరం లేకపోలేదు. యజమానురాలు తల వంచుకుంది.

బేరాలాయన నీలం పుస్తకం తెప్పించి తేదీలు చదివాడు. ఎనిమిదో బల్ల ఒక మంగళవారం. ఏడోది శుక్రవారం. ఒకటోది మళ్లీ మంగళవారం. ఏడు కంప్లయింట్లూ మంగళవారమో శుక్రవారమో రాసినవే. ఈ రోజు శుక్రవారం.

“మంగళవారం, శుక్రవారం పొద్దున్నే ఇక్కడికి ఎవరొస్తారు?”

ఎవరూ రారన్నాడు పెద్దసారు. గేటు పుస్తకం బల్లమీద పడేశాడు. ఆ రెండు రోజుల్లో తొమ్మిదిన్నరకు ముందు బయటివాళ్ల పేరు ఒక్కటీ లేదు. గదిలో కెమెరా కూడా ఉందని, పొద్దుటి వేళల్లో అందులో ఏ దొంగా కనబడలేదని చెప్పాడు.

“పుస్తకంలో పేరు రాయనివాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“ఉంటే మా ఏజెన్సీవాళ్లే. మా వాళ్ల పేర్లు మా పుస్తకంలోనే రాసుకుంటే నవ్వరా?”

బేరాలాయన మేనకోడలిని అడిగాడు, నువ్వు ఎనిమిదీ యాభైకి వచ్చినప్పుడు గదిలో ఎవరున్నారని. ఆ పిల్ల ఎవరూ లేరని చెప్పబోయి ఆగింది. కెమెరాలు తుడిచే ఏజెన్సీ అతను నిచ్చెన దింపుతూ కనబడ్డాడంది. తనను చూసి, ఇంకో కెమెరా మిగిలింది, భోజనాల వేళకు వస్తానని చెప్పి వెళ్లాడట.

“ఇందాక ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా?” అంది యజమానురాలు.

“అతను ఎప్పుడూ వచ్చే మనిషే కదత్తా.”

కెమెరా తుడిచేటప్పుడు దాన్ని ఆపుతారా అని బేరాలాయన అడగలేదు. అడగక్కర్లేకుండానే పెద్దసారు తలుపు పక్కన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు ఆపుతారని ఆయనే చెప్పాడు, నేల చూస్తూ.

ఇప్పుడు సరుకు ఎక్కడుందన్నది మిగిలింది. బయటికి వెళ్లేటప్పుడు మీవాళ్ల సంచులు చూస్తారా అని బేరాలాయన అడిగితే, పెద్దసారు తలెత్తాడు. ఆ ఒక్క విషయంలో ఆయనకు ఇంకా గర్వం మిగిలి ఉంది. లోపలికి వచ్చేటప్పుడు వదిలేసినా, బయటికి వెళ్లేటప్పుడు తన సొంత తమ్ముడి సంచీ అయినా విప్పి చూస్తారన్నాడు.

“అయితే మీ పుణ్యమా అని సరుకు గడప దాటలేదు సారూ. ఇక్కడే ఉంది.”

ఆ మాట ఎగతాళి కాదు, నిజమే. పెద్దసారుకు అది అర్థమైంది.

నిచ్చెన ఎక్కినవాడి చెయ్యి ఎక్కడికి అందుతుందో చూస్తే చాలు. కెమెరా పక్కన పైకప్పుకు తెల్లటి పలకలు అమర్చి ఉన్నాయి. వాటిలో ఒకదాని అంచున మాత్రం వేలిముద్రల మసి ఉంది. బేరాలాయన ఎనిమిదో బల్ల ఎక్కాడు. అతని బరువుకు బల్ల మూలిగింది. బీమా ఉందా దీనికని యజమానురాలిని అడిగితే ఆమె ఆ రోజు మొదటిసారి నవ్వింది.

పలక పైకి జరిపి చెయ్యి లోపలికి పెట్టాడు. వెండిరంగు ప్లాస్టిక్ సంచులు తగిలాయి. ఒక్కొక్కటే కిందికి అందిస్తుంటే వైర్లక్క పసిబిడ్డలను అందుకున్నట్టు అందుకుని బల్లమీద వరసగా పరిచింది. మూడు ఫ్యాన్ల కార్డులు, శుభ్రంగా ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు. ఏడు లెక్కపెట్టి ఆమె చేతులు దించింది. పైనుంచి బేరాలాయన ఎనిమిదోది అందించాడు. తొమ్మిదోది. పదోది. పదకొండోది.

“ఇవెక్కడివండీ?” అంది యజమానురాలు. “మావి ఏడే.”

చివరి నాలుగు సంచుల్లోని కార్డులమీద చిన్న స్టిక్కర్లు ఉన్నాయి, ఎర్రటి డాలు బొమ్మతో. ఆ బొమ్మే గేటు పుస్తకం అట్టమీద ఉంది, కాపలావాళ్ల చొక్కాలమీద ఉంది, పెద్దసారు జేబుమీద కూడా ఉంది.

ఆయన లేచి వచ్చి ఒక కార్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. పన్నెండు ఆఫీసుల కెమెరాలు చూసే ఆయన సొంత గదిలోని నాలుగు కంప్యూటర్లవి అవి. నెల నుంచి ఆ తెరలమీద మనుషులు ఆగి ఆగి నడుస్తున్నారట. కళ్లజోళ్లు మార్చుకోమని తన మనుషులను తిట్టాడట. ఇది చెబుతుంటే ఆయన గొంతు ఏ ఫిర్యాదు కాగితంలోనూ ఇమిడేలా లేదు.

బేరాలాయన ఆ సమయంలో ఆయనను గిల్లలేదు. గెలిచాక బేరం సాగదీయడం అతనికి చేతకాదు. బల్ల దిగుతూ ఇంకో లెక్క వేసుకుంటున్నాడు. ఏడూ నాలుగూ పదకొండు. పాత సామాను బజారులో ఇలాంటి కార్డులు విడిగా అమ్మితే ప్రశ్నలు వస్తాయి, ధర పడిపోతుంది. ఒకే రకం డజను ఒక్కసారి ఇస్తే ఏమీ అడగకుండా నిండు ధర పెట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఇద్దరికి అతనే ఒకప్పుడు టీ పోయించాడు.

“డజను బేరం ఇది. అందుకే ఇన్నాళ్లు దాచాడు. ఒక్కటే తక్కువ, అది అయిదో పెట్టెలో ఉంది. భోజనాల వేళకు వస్తానన్నది కెమెరా కోసం కాదు.”

గడియారంలో పన్నెండూ యాభై అయింది. భోజనాల వేళ ఒంటిగంట. ఎవరేం చేయాలో అతను చెప్పనక్కర్లేకపోయింది. వైర్లక్క ఏడు కార్డులతో ఒకటో పెట్టె దగ్గర కూర్చుంది. నాలుగింటి లోపల ఎనిమిదీ పరిగెత్తిస్తానంది. మేనకోడలు అప్పటికే మూడో అంతస్తు గోడలు జరుపుతోంది. పెద్దసారు ఫిర్యాదు కాగితాన్ని, దాని పన్నెండు నకళ్లను కలిపి నిలువునా చింపి, వైర్లక్క ముందు నిలబడ్డాడు.

“తప్పు నాదేనమ్మా. ఆ పన్నెండు ఆఫీసులకూ నేనే వెళ్లి చెబుతాను.”

“ముందు మీ నాలుగు కంప్యూటర్లు బాగుచేయనివ్వండి సార్,” అంది ఆమె, తల తిప్పకుండానే. “కూలి మాత్రం తగ్గించను.”

ఆయన తలుపు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. పాత ఇన్‌స్పెక్టరు అలా నిలబడటం చూస్తే, ఆ పని ఇంకా మరిచిపోలేదని తెలుస్తోంది. బేరాలాయన అయిదో బల్ల పక్కన కుర్చీ వేసుకుని, కాళ్లు చాపి, రెండు గంటల్లో పోయిందేమిటో వచ్చిందేమిటో మనసులో వేసుకున్నాడు. పోయింది, ఒక మోకాలి దగ్గర ప్యాంటు. వచ్చింది, పన్నెండు కార్డులు, నాలుగింటికి అందబోయే ఒక ఆసుపత్రి, వీధి మొత్తంలో తలెత్తుకు తిరగబోయే ఒక మెకానిక్కు, రేపటినుంచి ఈ ఆఫీసులో ఒకే ఒక్క కంప్లయింటు పుస్తకం, తన సొంత మనుషుల పేర్లు కూడా రాసుకోబోయే ఒక ఏజెన్సీ.

కింద మెట్లమీద అల్యూమినియం నిచ్చెన గోడకు తగులుతూ పైకి వస్తున్న చప్పుడు వినిపించింది. దాన్ని కూడా రాబడిలోనే వేసుకున్నాడు.